డాకింగ్ బోర్డు చూడని రెక్క: ఒక పార్కింగ్ ప్రమాదంపై కేస్ స్టడీ

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మే 3న శంకుస్థాపన జరిగినప్పటి నుంచి మా విజయనగరంలో విమానాశ్రయం ఉద్యోగాల మాట వినపడని వీధి లేదు. ఇరవై రెండేళ్లు వేర్వేరు విమానాశ్రయాల్లో విమానాలు నిలిపే ఏప్రాన్ల మీద, అందులో చివరి తొమ్మిదేళ్లు భద్రతా విభాగంలో పనిచేసి సొంత ఊరు చేరుకున్న నేను, ఇప్పుడు భోగాపురం, పూసపాటిరేగ, డెంకాడ, రణస్థలం మండలాల నుంచి వచ్చే యువతీ యువకులకు ర్యాంప్ పని, అంటే ఏప్రాన్ మీది పని నేర్పుతున్నాను. ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడిగే ప్రశ్న ఒకటుంది. విమానాన్ని గీత మీదికి తెచ్చి, ఆగవలసిన చోట ఆపే ఎలక్ట్రానిక్ బోర్డు టెర్మినల్ గోడకే ఉన్నప్పుడు రెక్కల దగ్గర మనుషులు ఎందుకు నిలబడాలి? దానికి జవాబుగా నేను చెప్పే కేసు ఇది. జరిగిన చోటు పేరూ, సంస్థల పేర్లూ ఇక్కడ అవసరం లేదు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న భద్రతాధికారిని నేనే. అంతకు ఏడాది ముందు, బోర్డులు బిగించిన బేలలో (ఒక్కో విమానం ఆగే చోట్లలో) రెక్క కొసల దగ్గర కాపలా నిలబడే వింగ్ వాకర్లను తీసేయవచ్చన్న ఆదేశం మీద సంతకం పెట్టినవాళ్లలో కూడా నేను ఒకణ్ని.

బోర్డు చేసే పని

మేము బోర్డు అని పిలిచేది విజువల్ డాకింగ్ గైడెన్స్ సిస్టమ్‌ను, అంటే వీడీజీఎస్‌ను. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో దాని స్థానంలో అగ్నిస్ అనే దీపాల పెట్టె ఉండేది. రెండు దీపాలూ ఆకుపచ్చగా కనిపిస్తే విమానం మధ్యగీత మీద ఉన్నట్టు, ఒకటి ఎర్రబడితే ఎరుపు నుంచి ఆకుపచ్చ వైపుకు తిప్పుకోవాలన్నట్టు. ఆ దీపాలు ఎడమ సీటులోని పైలట్ కంటికే సరిపోయేలా అమర్చి ఉండేవి. ఎక్కడ ఆగాలో అవి చెప్పేవి కావు, అందుకు పక్కన ఇంకొక పలక ఉండేది. దాని తర్వాత వచ్చిన లేజర్ బోర్డులు నిజంగానే పెద్ద ముందడుగు, అందులో నాకు సందేహం లేదు. బే మధ్యగీతకు ఎదురుగా గోడ మీద ఉన్న పరికరం లేజర్ కిరణాలను పంపి, అవి తగిలి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని బట్టి విమానం దూరాన్ని కొలుస్తుంది. ముక్కు ఆకారం, ఇంజన్ ఉన్న చోటు వంటి గుర్తులను తన దగ్గర నమోదై ఉన్న రకంతో సరిచూసుకుంటుంది. మా దగ్గర ఉన్న రకంలో ఆగవలసిన చోటుకు 12 మీటర్లు మిగిలి ఉండగానే ఈ గుర్తింపు పూర్తి కావాలి. కాకపోతే బోర్డు మొదట ‘వెయిట్’ అంటుంది, రెండోసారి కూడా కుదరకపోతే ‘స్టాప్’, ‘ఐడీ ఫెయిల్’ అంటుంది. గుర్తింపు కుదిరితే పసుపు బాణం విమానం గీతకు ఎటువైపు ఉందో చూపుతుంది, మిణుకుమనే ఎర్ర బాణం ఎటు తిప్పాలో చెబుతుంది, మిగిలిన దూరం అంకెల్లో తగ్గుతూ వస్తుంది.

ఇందులో ఒక మాట గట్టిగా పట్టుకోవాలి. బోర్డు కొలిచేది విమానం ముందుభాగాన్ని, నడిపించేది ముక్కు చక్రాన్ని. రెక్క కొసల దగ్గర, తోక దగ్గర ఏముందో దానికి తెలియదు, తెలుసునని అది ఎక్కడా చెప్పదు కూడా. ‘గేట్ బ్లాక్’ అనే హెచ్చరిక ఉంది గానీ, అది పరికరం చూపు పడే మేరలో, ఆగే చోటుకు అడ్డంగా ఏదైనా ఉంటేనే వస్తుంది. ఆ మేర మధ్యగీతను అంటిపెట్టుకుని ఉండే సన్నని పట్టీ. బే వెడల్పుతో పోలిస్తే ఇంటి ముందు ఖాళీ స్థలమంతా వదిలేసి గుమ్మం వరకే చూసినట్టు ఉంటుంది.

ఆ రాత్రి

అక్టోబరు నెల, రాత్రి తొమ్మిది దాటింది, మధ్యాహ్నం నుంచి వాన వదలలేదు. నేను చెప్పబోయే బేలోకి రావలసినది ఎయిర్‌బస్ ఏ320. పాత రకం విమానం వస్తుందని ప్రణాళికలో ఉంది. సాయంత్రం అది మరమ్మతుకు వెళ్లడంతో, అదే మోడల్‌లో షార్క్‌లెట్లు, అంటే రెక్క కొసన పైకి వంగిన భాగాలు ఉన్న విమానాన్ని పంపారు. ఏప్రాన్ ఏజెంట్ బేకు ముందువైపున ఉన్న ప్యానెల్ దగ్గరికి వెళ్లి, బే అంతా ఒకసారి నడిచి చూసి, ఏ320 అని ఎంచుకుని బోర్డును ఆన్ చేశాడు. విమానం రావడానికి అప్పటికి ఆరు నిమిషాలు ఉంది. ఆ నడక అతను తూతూమంత్రంగా చేయలేదని సీసీటీవీ చూసినవాళ్లందరం ఒప్పుకున్నాం. ఎడమ రెక్క వచ్చే చోట నిలబడి, వాన నీళ్లలో ఏదో మెరిస్తే కాలితో కదిలించి చూశాడు. అది తాగిపడేసిన నీళ్ల సీసా, జేబులో పెట్టుకున్నాడు. అప్పటికి బే ఖాళీగానే ఉంది.

ఎడమ పక్క బేలో ఇంకొక విమానం ఉంది. దాని కుడివైపు వెనక తలుపు దగ్గర భోజనాలు ఎక్కించే క్యాటరింగ్ హైలిఫ్ట్ ట్రక్కు (దాని పెట్టె తలుపు ఎత్తుకు లేస్తుంది) పని ముగించుకుంటోంది. హైలిఫ్ట్ ట్రక్కు విమానానికి అడ్డంగా, ముందుభాగం తలుపు వైపు ఉండేలా ఆనుకుంటుంది కనుక, పని అయ్యాక వెనక్కి తీస్తే నేరుగా పక్క బే వైపే వస్తుంది. వెనక్కి తీసేటప్పుడు సహాయకుడు కింద నిలబడి దారి చూపాలి. ఆ రాత్రి సహాయకుడు ఇంకా విమానంలో కాగితం మీద సంతకం పెట్టించుకుంటున్నాడు. ఈలోగా ఇంధనం తెచ్చే ట్యాంకరు, బౌజర్, అదే సందులోంచి రావడంతో, దానికి దారి ఇవ్వడానికి డ్రైవరు ఒక ట్రక్కు పొడవు మేర వెనక్కి తీసి ఆపాడు. బౌజర్ వెళ్లిపోయింది. సహాయకుడి కోసం ఎదురుచూస్తూ ఇతను అక్కడే ఉండిపోయాడు. వైపర్లు తిరుగుతున్నాయి గానీ వెనక అద్దం నిండా నీటి చుక్కలు. తాను పక్క బే రెక్కల దారిలోకి వచ్చానని తనకు తెలియదని డ్రైవరు చెప్పాడు. ఆ మాటను నేను నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

విమానం మలుపు తిరిగి గీత మీదికి వచ్చింది. బోర్డు దాన్ని పట్టుకుంది, గుర్తింపు సజావుగా ముగిసింది, బాణం నిలువుగా నిలిచింది, అంకెలు తగ్గసాగాయి. వేగం మనిషి నడకంత. అంకె 7 దాటి 6కు వస్తుండగా ఎడమ షార్క్‌లెట్ మొదలు వంపు ట్రక్కు పెట్టె వెనక పైమూలకు తగిలింది. పెద్ద శబ్దం కూడా కాలేదు. రేకు నలిగినట్టు ఒక చప్పుడు వచ్చింది, విమానం ముక్కు కొద్దిగా ఎడమకు లాగినట్టయింది, పైలట్ బ్రేక్ వేశాడు. ఎవరికీ గాయం కాలేదు. ప్రయాణికులు మెట్ల మీదుగా దిగారు. షార్క్‌లెట్ కింది అంచు చీలిపోయింది, విమానం నాలుగు రోజులు ఎగరలేదు. బోర్డు మాత్రం చివరి క్షణం దాకా సరైన సంగతే చెప్పింది. ముక్కు చక్రం గీత మీదే ఉంది, దూరం అంకె నిజమే. విచారణలో మమ్మల్ని అన్నింటికంటే ఎక్కువగా కలవరపెట్టినది ఇదే. పరికరంలో లోపం దొరికి ఉంటే దాన్ని బాగుచేయించి ఊరుకునేవాళ్లం.

టేపు పెట్టి కొలిస్తే

మరునాడు పొద్దున్న వాన వెలిశాక నేల మీద కొలతలు తీశాం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోని అనుబంధం 14 ప్రకారం రెక్కల విస్తీర్ణం (ఒక రెక్క కొస నుంచి మరో కొసకు దూరం) 24 మీటర్ల నుంచి 36 మీటర్ల లోపు ఉన్న విమానాలు ‘సి’ కోవలోకి వస్తాయి. బేలో వాటికీ, పక్కన ఉన్న విమానానికీ లేదా మరే వస్తువుకైనా మధ్య కనీసం 4.5 మీటర్ల ఎడం ఉండాలి. మా బేలు 36 మీటర్ల విస్తీర్ణానికి గీసినవి, ఒక మధ్యగీత నుంచి పక్క మధ్యగీతకు 40.5 మీటర్లు. గీతల విషయంలో తప్పేమీ లేదు.

పాత ఏ320 రెక్కల విస్తీర్ణం 34.10 మీటర్లు, షార్క్‌లెట్లు ఉన్నదానిది 35.80 మీటర్లు. తేడా 1.70 మీటర్లు, అంటే ఒక్కో వైపు 85 సెంటీమీటర్లు. ముక్కు అదే, ఇంజన్లు ఉన్న చోటు అదే, పొడవు అదే. కాబట్టి ముందునుంచి చూసే లేజర్‌కు ఈ రెండూ ఒకటే విమానం. ఏ320 బదులు ఏ321 వచ్చి ఉంటే ముక్కు నుంచి ఇంజన్‌కు ఉండే దూరంలో తేడా వల్ల బోర్డు అనుమానించే అవకాశం ఉంది. రెక్క కొస మారితే అనుమానించడానికి దానికి ఆధారమే లేదు.

ట్రక్కు మూల మా విమానం రెక్క దారిలోకి 60 సెంటీమీటర్లు చొచ్చుకువచ్చి ఉంది. అంటే ప్రణాళికలో ఉన్న పాత విమానమే వచ్చి ఉంటే రెక్క 25 సెంటీమీటర్ల ఎడంతో ట్రక్కును దాటిపోయేది. ఈ లెక్క బయటికి రాగానే సమావేశంలో ఒకరు, అయితే అసలు కారణం విమానం మారడమేనన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ 25 సెంటీమీటర్లు కూడా ప్రమాదమే, కాకపోతే ఎవరికీ తెలియని ప్రమాదం. బోర్డు మీద ‘ఓకే’ వచ్చేది, చక్రాలు కదలకుండా చాక్స్ పెట్టేవాళ్లు, ట్రక్కు వెళ్లిపోయేది, ఏ పుస్తకంలోనూ ఒక్క అక్షరం నమోదయ్యేది కాదు. ఆ తర్వాత మేము గత మూడు నెలల సీసీటీవీ దృశ్యాలను కొన్ని బేలకు తిరగేసి చూసినప్పుడు, విమానం లోపలికి వస్తుండగా బే హద్దు చూపే ఎర్రగీత దాటి నిలబడిన వాహనాలు ఒకటి కాదు, చాలా కనిపించాయి. వాటిలో ఒక్కదానిపైనా ఫిర్యాదు రాలేదు.

రెక్క కొస తగలడానికి కదిలే ట్రక్కే ఉండాలని కూడా లేదు. 2021 ఫిబ్రవరి 20న దోహా నుంచి మన గన్నవరం వచ్చిన విమానం ఏప్రాన్‌కు చేరుకునే దారిలో దాని రెక్క దీపస్తంభానికి తగిలిన సంగతి పత్రికల్లో వచ్చింది. అదృష్టవశాత్తు ఎవరికీ ఏమీ కాలేదు. స్తంభం ఎక్కడికీ కదలదు, ఎక్కడుందో అందరికీ తెలుసు, అయినా తగిలింది. అలాంటప్పుడు నిమిషానికో చోట ఉండే వాహనాల సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఎవరికి ఏం కనిపించింది

ఈ కేసులో నేను ఎక్కువ రోజులు గడిపింది ఈ ప్రశ్న దగ్గరే. పైలట్ వాంగ్మూలంలో ముఖ్యమైన మాట ఒకటుంది. బోర్డు వెలిగి, బాణాలు కదులుతుంటే బే సిద్ధంగా ఉందనే అర్థమని తాము నేర్చుకున్నామని ఆయన చెప్పారు. నిజమే, బోర్డు వెలగకుండా బేలోకి రాకూడదని పైలట్లకు ఇచ్చే సూచనల్లోనే ఉంటుంది. దానికి రెండో వైపుగా, బోర్డు వెలిగితే రావచ్చు అనే అర్థం దానంతటదే పుట్టింది. వాన రాత్రి, వైపర్ల మధ్యలోంచి, తగ్గుతున్న అంకె మీద చూపు నిలిపిన మనిషి తల తిప్పి భుజం వెనకనున్న రెక్క కొసను చూడాలని ఆశించడం న్యాయం కాదు. తల తిప్పితే బోర్డు తప్పిపోతుంది.

ప్యానెల్ దగ్గర ఏజెంటు చేతికి అందేలా ఎర్రటి ఎమర్జెన్సీ స్టాప్ బటన్ ఉంది. దాన్ని నొక్కితే బోర్డు మీద వెంటనే ‘స్టాప్’ పడుతుంది. మరునాడు నేను సరిగ్గా అతను నిలబడిన చోట, అదే ప్యానెల్ ముందు నిలబడి ఎడమ రెక్క వచ్చే వైపు చూశాను. ప్రయాణికులు టెర్మినల్ నుంచి విమానంలోకి నడిచే ఏరోబ్రిడ్జ్ కాలు, దాని మీది సొరంగం, వాటి కింద చక్రాల గూడు కనిపించాయి. రెక్క కొస ఉండాల్సిన చోటు వాటి వెనక పూర్తిగా దాక్కుని ఉంది. ఒక అడుగు కుడికి జరిగినా, వంగినా అంతే. బటన్ ఉన్న చోటి నుంచి ప్రమాదం కనిపించదు. బోర్డు ఆన్ చేసే ముందు అతను చేసిన నడక ఒక ఫోటో లాంటిది, ఆ క్షణానికి నిజం. తర్వాతి ఆరు నిమిషాలు ఆ బేను కనిపెట్టుకుని ఉండే పని ఎవరికీ అప్పగించలేదు. అప్పగించినట్టు అందరమూ అనుకున్నాం, ఎందుకంటే బోర్డు వెలుగుతోంది.

ప్రమాదం ముందే కనిపించిన మనిషి ఒకడున్నాడు. పక్క బేలో సామాను దించుతున్న లోడర్, పసుపు వానకోటులో, ట్రాలీ మీద టార్పాలిన్ కప్పుతూ తలెత్తి చూశాడు. రెక్క వస్తోంది, ట్రక్కు నిలబడి ఉంది. చేతిలోని టార్చి ఊపుతూ అరుస్తూ పరుగెత్తాడు. అతను పరుగు మొదలుపెట్టినప్పటి నుంచి రెక్క తగిలే వరకు దాదాపు ఎనిమిది సెకన్లు ఉంది, విమానం ఆగడానికి అది ఎక్కువే. కానీ అతని దగ్గర రేడియో లేదు, దగ్గర్లో బటన్ లేదు, ఇంజన్ల హోరులో అరుపు ఎవరికీ చేరలేదు. పైగా అతని పరుగు ఏరోబ్రిడ్జ్ అవతల సాగడంతో ఏజెంటుకూ కనబడలేదు. విచారణ గదిలో అతను తల వంచుకుని, తాను ఇంకా గట్టిగా అరవాల్సిందని పదే పదే అన్నాడు. ఆ ఎనిమిది సెకన్లు అతని తప్పు కాదని నివేదికలో ప్రత్యేకంగా రాయమని నేను పట్టుబట్టాను, రాశాం.

వింగ్ వాకర్లు ఉన్న రోజుల్లో ఈ ఎనిమిది సెకన్లు వృథా అయ్యేవి కావు. రెక్క కొస దగ్గర నిలబడ్డ మనిషికి ఒకే పని ఉంటుంది. దారి ఖాళీగా ఉన్నంతసేపు కుడి చేతి కర్రను తల పైకి నిలువుగా ఎత్తి, ఎడమ చేతి కర్రను కిందికి వంచి తన వైపుకు కదుపుతూ ఉంటాడు. అడ్డం కనిపించగానే రెండు కర్రలనూ ఒక్కసారిగా తల మీద అడ్డంగా పెడతాడు. విమానానికి ఎదురుగా నిలబడి కర్రలతో పైలట్‌కు దారి చూపే మార్షలర్ దాన్ని చూసి పైలట్‌కు అదే సైగ చేస్తాడు. ఒక కన్ను రెక్క మీద, ఒక కన్ను ముక్కు మీద, రెండింటినీ కలిపే సైగ. బోర్డు వచ్చినప్పుడు మార్షలర్ పని దానికి ఇచ్చాం. ఆ వెంటే వింగ్ వాకర్ పనిని కూడా దానికి ఇచ్చినట్టు లెక్కలో చూపించాం. మార్షలర్ పని అది మార్షలర్ కంటే బాగా చేస్తుంది. వింగ్ వాకర్ పని అసలు చేయదు. ఆ తేడా నేను సంతకం పెట్టిన కాగితంలో లేదు.

మార్చినవి

పరికరం తయారీదారు దగ్గర్నుంచి రెక్కల మేర చూసే అదనపు సెన్సార్లు కొనాలని ఒక ప్రతిపాదన వచ్చింది. నేను దాన్ని కాదనలేదు గానీ, అవి వచ్చేదాకా ఆగవద్దన్నాను. పక్క బేలో పని జరుగుతున్నప్పుడు ఆ వైపు రెక్కకు వింగ్ వాకర్ తప్పనిసరి అయ్యాడు, అతని చేతికి రేడియో ఇచ్చాం. ఖర్చు గురించి అభ్యంతరాలు వచ్చాయి. చీలిన షార్క్‌లెట్ బిల్లు చూపించాక తగ్గాయి. ఏరోబ్రిడ్జ్ వెనకవైపు, రెక్క కొస కనిపించే స్తంభానికి రెండో ఎమర్జెన్సీ బటన్ బిగించాం. ఆ బటన్ నొక్కే హక్కు లోడర్ నుంచి ఊడ్చేవాళ్ల దాకా అందరికీ ఉంటుందనీ, పొరపాటున నొక్కినా ఎవరినీ సంజాయిషీ అడగకూడదనీ రాతలో పెట్టించాం. బోర్డు వెలిగాక వాహనం ఏదీ ఎర్రగీత దాటి వెనక్కి రాకూడదు, సహాయకుడు కింద లేకుండా హైలిఫ్ట్ కదలకూడదు. షార్క్‌లెట్ ఉన్నదీ లేనిదీ వేరువేరు రకాలుగా ప్యానెల్‌లో చేర్పించాం. దీనివల్ల బోర్డు చూపు మారదు గానీ, ఎంచుకునేటప్పుడు ఏజెంటు ఒక్క క్షణం రెక్క గురించి ఆలోచిస్తాడు.

వాన సంగతి ఈ కేసులో నేరుగా కారణం కాలేదు, అయినా మన తీరం వాళ్లకు చెప్పాలి. భారీ వానలో, పొగమంచులో లేజర్ చూపు తగ్గుతుంది, గుర్తింపు ఆలస్యమవుతుంది, కొన్నిసార్లు పట్టుకున్న విమానాన్ని మధ్యలో వదిలేస్తుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ విమానాశ్రయాన్ని ఏం చేసిందో ఇక్కడ అందరికీ గుర్తే. అంత గాలివాన రానక్కర్లేదు. సముద్రపు గాలికి పరికరం అద్దం మీద పేరుకునే ఉప్పు పొరను వారం వారం తుడవకపోయినా చూపు మసకబారుతుంది. బోర్డు తడబడిన మరుక్షణం దాన్ని ఆపి, మార్షలర్‌ను పిలవాలి. మళ్లీ సరవుతుందేమోనని చూస్తూ విమానాన్ని ముందుకు రానివ్వకూడదు.

ఈ కేసు చెప్పాక నేను పిల్లలను మా కల్లం దగ్గరికి తీసుకువెళతాను. నూర్పులు అయిపోయాక అక్కడ చదునైన నేల దొరుకుతుంది. సున్నంతో మధ్యగీత గీసి, రెండు వైపులా 17.90 మీటర్ల కొబ్బరి తాడు కట్టి, ఒక్కో కొసను ఒకరి చేతికి ఇస్తాను. ముందు గడ్డివాముకు ఆనించిన పలక మీద ఒకరు అంకెలు మారుస్తుంటారు. ఎడ్లబండిని తెచ్చి తాడు దారిలోకి రెండడుగులు చొచ్చేలా ఆపుతాం. తాడు మధ్యలో విమానమై నడిచేవాడు అంకెలు చూసుకుంటూ ముందుకు వస్తాడు.

మొన్నటి బ్యాచ్‌లో ఎడమ కొస పట్టుకున్న అమ్మాయిది పూసపాటిరేగ వైపు ఊరు. తాడు బండి చక్రానికి జానెడు దూరంలోకి వచ్చేసరికి కేకేసి ఆగింది.

“మేస్టారూ, ఇక్కడి నుంచి పలక మీద అంకె అవుపడట్లేదండి. ఎంత మిగిలిందో నాకు తెలవదు.”

“నీకు తెలియనక్కర్లేదమ్మా. పలక దగ్గరున్నవాడికి బండి అవుపడుతోందేమో అడుగు.”

పలక దగ్గరున్న కుర్రాడు ఇటు వంగి, అటు వంగి చూశాడు. మధ్యలో గడ్డివాము మూల అడ్డం వచ్చింది. అవుపడట్లేదన్నాడు. ఆ అమ్మాయి తాడు కింద పెట్టేసి, తనకూ అతనికీ మధ్య ఇద్దరికీ కనిపించే చోటు కోసం వెతుక్కుంటూ కల్లం అంచు వెంట నడిచింది. దొరికిన చోట మడమతో నేల మీద ఒక గుర్తు గీసి, మూడో మనిషిని అక్కడ నిలబెట్టమని అడిగింది.